సూరత్‌లో మొరాయించిన ఎర్ర కారు

సూరత్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా షాపుకొచ్చే ప్రతివాడూ అక్కడ చీరలు ఏం ధరకు దొరుకుతున్నాయని అడుగుతున్నాడు. నేను చీరల కొట్టు గడప తొక్కలేదు. సూరత్‌లో నేను ఎక్కువసేపు చూసింది ఒక హౌసింగ్ సొసైటీ పార్కింగు, నా కారు బానెట్ లోపలి భాగం, దాని చుట్టూ నిలబడి సలహాలిచ్చిన మనుషులు. అయినా ఆ ఊరు వెళ్ళనివాళ్ళకు చెప్పడానికి నా దగ్గర చాలానే ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. కోరుట్లలో నాకు విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. నకిలీ విత్తనాల మధ్య, నీళ్ళు కలిపిన మందుల మధ్య ఏళ్ళ తరబడి బతుకుతున్నవాణ్ణి. ఏ సీసా అయినా మూత తీసి వాసన చూడనిదే నమ్మను. ఈ గుణం మా అమ్మ నుంచి వచ్చింది. పాలు పోసే మనిషి ముఖం చూసి ఎన్ని నీళ్ళు కలిపాడో చెప్పగలదు ఆవిడ. కరోనా వచ్చాక మా ఇద్దరి అనుమానాలకూ సర్కారు అనుమతి దొరికినట్టయింది. నోటు మీద అనుమానం, కూరగాయల మీద అనుమానం, పక్కన దగ్గినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రయాణం మా చెల్లెలు స్వరూప కోసం. దాని భర్త రాజేశం సూరత్‌లో ఒక మగ్గాల ఖార్ఖానాలో మేస్త్రీ. స్వరూపకు తొలి కాన్పు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలన్నది మా వైపు పట్టింపు. ఏడో నెల ఉండగానే తీసుకురావాలి, ఎనిమిదో నెల పడితే మనిషిని ఊరు దాటించకూడదన్నది ఇంకో పట్టింపు. అమ్మ పంచాంగం చూసి, వచ్చే బుధవారం ఎనిమిదో నెల పడుతుందని తేల్చింది. మంగళవారం పొద్దుపోయేలోగా పిల్ల ఇంట్లో ఉండాలి. రెండో విడత కరోనా అప్పుడే తల ఎత్తుతోంది. రైల్లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు కాబట్టి అమ్మ రైలు వద్దంది. లాక్‌డౌన్‌లో ఒక రిటైరైన టీచరు దగ్గర కొన్న చిన్న ఎర్ర కారు నా దగ్గరుంది. మూడు సిలిండర్ల బండి. గురువారం పొద్దున్నే అందులో బయల్దేరాను. పక్క సీట్లో అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బా. అందులో పసుపు, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపి దంచిన కషాయం పొడి.

జాల్నాలో ఒక రాత్రి

నాందేడ్ దాటాక ఒక ఢాబాలో భాకరీ, పిఠ్లా తిన్నాను. భాకరీ అంటే జొన్నరొట్టె, పిఠ్లా అంటే మన శనగపిండి కూరే, కొంచెం పలచన, వెల్లుల్లి ఎక్కువ. ధర అరవై రూపాయలు. బాగుందని ఇంకోసారి వేయించుకున్నాను. ఢాబావాడు నేనిచ్చిన నోటును పట్టకారుతో పట్టుకుని సబ్బునీళ్ళ గిన్నెలో ముంచి, తీగ మీద ఆరేశాడు. అక్కడ అప్పటికే చాలా నోట్లు ఆరుతున్నాయి. వాడు నాకిచ్చిన చిల్లర మాత్రం పొడిగానే ఉంది. దాన్నెవరు కడిగారో నాకు తెలియదు. బండెక్కాక నా శానిటైజర్ నేను చల్లుకున్నాను.

జాల్నాలో రాత్రి ఆగాను. లాడ్జి మేనేజరు ఏ ఊరని అడిగి, తెలంగాణ అనగానే కుర్చీ వెనక్కి జరిపాడు. పేపర్లో మహారాష్ట్ర సంగతి చదివి వచ్చిన నేను అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి ఉన్నాను. ఇద్దరం అరుచుకుంటూ గది బేరం ఆడుకున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి పరుచుకుని పడుకున్నాను.

నవాపూర్ దాటాక పెట్రోలు

శుక్రవారం ధూలే మీదుగా నవాపూర్ చేరాను. అక్కడ మహారాష్ట్ర అయిపోయి గుజరాత్ మొదలవుతుంది. టెస్టు రిపోర్టు చూపించమన్నారు. నుదుటికి ఆ తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూశారు. నా ముందు బండివాడి రిపోర్టు మీద పేరు ఒకటి, మనిషి ఇంకొకడు అని నాకు గట్టి అనుమానం. పోలీసుకు రాలేదు.

సరిహద్దు దాటగానే పెట్రోలు ధర చూసి బ్రేకు వేశాను. మహారాష్ట్రలో కంటే లీటరు మీద దాదాపు పది రూపాయలు తక్కువ. పన్నులో తేడా అని పంపు కుర్రాడు చెప్పాడు. ట్యాంకు నింపించుకున్నాను గానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. మా షాపులో ఏ మందైనా కంపెనీ ధర కంటే తక్కువకు వచ్చిందంటే అందులో ఏదో కలిసిందనే లెక్క.

అక్కడి నుంచి దారి పొడుగునా చెరకు తోటలు. బార్డోలీ దగ్గర టీకి ఆగితే కప్పుతో పాటు సాసర్ కూడా ఇచ్చారు. పెద్దవాళ్ళంతా టీని సాసర్లో పోసుకుని ఊదకుండానే జుర్రుకుంటున్నారు. మన దగ్గర ఇలా తాగితే పిల్లలు నవ్వుతారు. ఇక్కడ కప్పుతో తాగుతున్న నన్ను చూసి నవ్వారు.

పర్వత్ పాటియా గేటు

స్వరూప వాళ్ళ సొసైటీ పర్వత్ పాటియాలో ఉంది. సాయంత్రం చేరేసరికి రోడ్డంతా బట్ట మూటలు ఎత్తిన టెంపోలు. సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. వీపున స్ప్రే పంపు తగిలించుకుని ఉన్నాడు, అచ్చం నేను మా రైతులకు అమ్మే పంపు. అందులో బ్లీచింగ్ నీళ్ళు. బయటి ఊరి బండి పిచికారీ చేయనిదే లోపలికి రాకూడదట. చక్రాలు, తలుపులు అయ్యాక బానెట్ కూడా తెరవమన్నాడు. "హవా తో ఇధర్ సే హీ అందర్ జాతీ హై," అన్నాడు. గాలి వెళ్ళేది ఇక్కడి నుంచే కదా అని వాడి వాదన.

నాకు ఆ జాగ్రత్త తెగ నచ్చింది. లోకంలో నాలాంటివాడు ఒకడు దొరికాడనిపించింది. నాజిల్ కొంచెం తిప్పితే సన్నగా, అన్ని మూలలకూ పడుతుందని నేనే చూపించాను. వాడు ఇంజన్ మీద తృప్తిగా పిచికారీ చేశాడు.

నాలుగో అంతస్తులో ఒక గది, వంటిల్లు. స్వరూప తలుపు దగ్గరే నిలబడి ఉంది. మొహం నిండుగా ఉంది, కాళ్ళు కొంచెం వాచాయి. "అన్నా, మంచిగ చేరినవా," అని నీళ్ళ బకెట్టు చూపించింది. స్నానం కాకుండా ముట్టుకోకూడదుగా.

రాజేశం నన్ను చూసిన అయిదు నిమిషాలకే ప్రయాణం మాట ఎత్తాడు. "బావ, ఆదివారం పొద్దుగాలనే బయలెల్లాలె. ఎండ గాకముందే ధూలే దాటుతరు. మూటలు నేనే కట్టిన."

మూటలు నిజంగానే గోడకు వరసగా పెట్టి ఉన్నాయి. పెళ్ళాన్ని పుట్టింటికి పంపడానికి ఇంత తొందరపడే మగవాణ్ణి నేను చూడలేదు. ఇతనికి ఇక్కడ ఏం పని పడిందా అనుకున్నాను. పంపనని మొండికేసినా అనుమానపడేవాణ్ణే, అది వేరే సంగతి.

పక్కింటి మంజులాబెన్ పప్పు పంపింది. ముద్ద నోట్లో పెట్టగానే అనుమానమొచ్చింది, పప్పు తియ్యగా ఉంది. ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారని స్వరూప నవ్వుతూ చెప్పింది. మంజులాబెన్ గుమ్మంలో నిలబడి, వాళ్ళలోనూ ఏడో నెలలో ఒడి నింపి తొలి కాన్పుకు పుట్టింటికే పంపుతారని, పుట్టింటిని పియర్ అంటారని చెప్పింది. ఇంతదూరం వచ్చినా ఆ పట్టింపు ఒకటేనని విని సంతోషమేసింది.

అమ్మ ఫోన్ చేసింది. మొదటి మాట, "పొడి ఇచ్చినవా? పొద్దుమాపు తాగుమను."

"తాగుత అమ్మా," అంది స్వరూప, డబ్బా మూత తీసి, ముక్కు ముడుచుకుని, మళ్ళీ పెట్టేస్తూ.

ఖటోదరా నుంచి భరత్‌భాయ్

శనివారం పొద్దున టైర్లలో గాలి చూపిద్దామని బండి తీశాను. ఇంజన్ అందుకుంది గానీ నిలకడ లేదు. స్టీరింగు చేతిలో వణికింది. తిరగలి కింద ఎవరో గులకరాయి పెట్టినట్టు బండంతా ఎగిరెగిరి పడింది. ఎదురుగా ఇంజన్ బొమ్మ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. నేను వెంటనే తేల్చేశాను, సరిహద్దు దగ్గరి చౌక పెట్రోలు.

రాజేశం పని చేసేది ఖటోదరాలో. వాళ్ళ ఖార్ఖానా పక్కనే గ్యారేజీ ఉన్న భరత్‌భాయ్‌ని ఫోన్ చేసి పిలిపించాడు. బావ పిలిచిన మెకానిక్ కాబట్టి నేను రెండు కళ్ళూ తెరుచుకుని కూర్చున్నాను. భరత్‌భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. నోట్లో పాన్ మసాలా, మాస్కు గడ్డం కింద. మన మగ్గాల వాళ్ళతో తిరిగి తిరిగి రెండు ముక్కలు తెలుగు పట్టాడు. "జర ఆగు" అనేది ఒకటి, "అయితది" అనేది రెండోది. మిగతాదంతా హిందీ.

పెట్రోలులో కల్తీ అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకుని, ట్యాంకు కడగాలి, ఇంజెక్టర్లు కడగాలి అని మొదలుపెట్టాడు. అంత తొందరగా ఒప్పుకునేసరికి నాకు ఆయన మీద అనుమానమొచ్చింది. ఒక సీసాలోకి కాస్త పెట్రోలు తీయించి, వాసన చూసి, అరచేతిలో పోసుకున్నాను. చల్లగా ఎగిరిపోయింది, జిడ్డు మిగల్లేదు. శుభ్రమైన పెట్రోలు. మనసు చివుక్కుమంది.

"జర ఆగు," అని భరత్‌భాయ్ ఇంజన్ నడుస్తుండగానే పని మొదలుపెట్టాడు. ఒక్కో సిలిండర్ మీద ఒక్కో కాయిల్ ఉంటుంది, ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది అదే. మొదటిదాని వైరు పీకాడు, ఇంజన్ ఆగిపోయినంత పనైంది. మళ్ళీ పెట్టి రెండోది పీకాడు, అంతే. మూడోది పీకాడు. ఏ తేడా లేదు, అదే వణుకు. అంటే మూడో సిలిండర్ ముందునుంచే పని చేయడంలేదు. ఇప్పుడు కాయిల్ చెడిందా అని మూడోదాని కాయిల్‌ను మొదటిదాని మీద, మొదటిదాన్ని మూడోదాని మీద పెట్టి చూశాడు. మళ్ళీ మూడోదే ఆగింది. కాయిల్ మంచిదే. తప్పు ఆ కింద ఎక్కడో ఉంది. ప్రతి అడుగులోనూ ఏదో మోసం దొరుకుతుందని చూశాను, దొరకలేదు.

కాయిల్ లాగి, ప్లగ్గు కూర్చునే గుంతలోకి స్క్రూడ్రైవర్‌కు దూది చుట్టి దించాడు. దూది తడిసి వచ్చింది. నేను లాక్కుని వాసన చూశాను. బ్లీచింగ్. గేటు దగ్గర నేను నాజిల్ తిప్పి నేర్పిన సన్నటి పిచికారీ తిన్నగా అక్కడికే చేరింది.

భరత్‌భాయ్ గుంత ఆరబెట్టి, ప్లగ్గు మార్చి, కాయిల్ కింది రబ్బరు నాకు చూపించాడు. అది పగిలి ఉంది. కరోనా వల్ల శని, ఆదివారాలు మార్కెట్ బందు, కొత్తది సోమవారం గానీ దొరకదు, అప్పటిదాకా ఇక్కడ చుక్క నీరు పడకూడదు అన్నాడు. అప్పుడే స్వరూప టీ పట్టుకుని కిందికి వచ్చింది.

"కొన్ని నీళ్ళు పడ్డా ఆగుతదా?" అని అడిగింది.

"ఒక గ్లాసు చాలు," అన్నాడు ఆయన.

దారిలో వాన పడితే ఎలాగని భయపడుతోంది పాపం అనుకుని, ఈ ఎండల్లో వాన రాదులే అని ధైర్యం చెప్పాను.

సాయంత్రం రాజేశంతో కలిసి బార్డోలీ రోడ్డు మీద కొంతదూరం నడిపి చూశాను. బండి వెన్నలా నడిచింది. తిరిగొస్తూ లోచో తిన్నాం. శనగపిండిని మెత్తగా ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, కారం, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. గట్టిపడని ఢోక్లా అనుకోండి. ప్లేటు ముప్ఫై రూపాయలు. రాజేశం రెండు ప్లేట్లు కట్టించాడు, స్వరూపకు ఇష్టమట. కాగితం మీద నూనె కారకుండా ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

ఆదివారం, మళ్ళీ అదే వణుకు

డాక్టరు రోజూ నడవమన్నాడని స్వరూప పొద్దున్నే పార్కింగులో తిరుగుతుంది, చేతిలో అమ్మ చెప్పిన కషాయం గ్లాసు. ఆదివారం కూడా వెళ్ళింది. "సీట్ల నడుము ఆనుతదో లేదో కూసోని చూస్త, తాళమియ్యి అన్నా," అంటే ఇచ్చాను. నేను స్నానం చేసి, మూటలు దించి, ఇంజన్ తిప్పాను. వణుకు. అదే లైటు.

తిన్నగా గేటుకు వెళ్ళి వాచ్‌మన్‌ను పట్టుకున్నాను. మళ్ళీ ఎందుకు పిచికారీ చేశావని నిలదీశాను. వాడు నన్ను చేయి పట్టి తీసుకెళ్ళి ఖాళీ డ్రమ్ము చూపించాడు. బ్లీచింగ్ పొడి అయిపోయి రెండు రోజులైందట, సెక్రటరీ డబ్బులివ్వట్లేదట. డ్రమ్ములో చేయి పెట్టి చూశాను, పొడిగా ఉంది.

తర్వాత అనుమానం భరత్‌భాయ్ మీదికి వెళ్ళింది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ డబ్బులు. ఆదివారమైనా వచ్చాడు, నూనె మరకల చొక్కా బదులు ఇస్త్రీ చొక్కాలో. గుంతలో మళ్ళీ నీళ్ళున్నాయని చూసి తిట్టుకుంటూ తన నల్లటి గుడ్డతో తుడిచేశాడు. ఎంతివ్వాలని అడిగితే నా మొహం చూశాడు. ఏం చూశాడో ఏమో, పైసా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. దాంతో నాకు ఆయన మీద మిగిలిన అనుమానం పోయి సిగ్గు మిగిలింది.

అప్పటికి ఎండ ముదిరింది. ఆ వేళ బయల్దేరితే రాత్రి అడవిదారిలో నిండు మనిషితో ప్రయాణం. అమ్మ ఫోన్లో వద్దంది. "రేపు పొద్దుగాల గిట్ల ఎల్లకపోతే ఇగ అయిపాయె రా. బుధవారం పడితే నేను దాన్ని కదలనియ్య," అంది. అని, "కషాయం తాగుతుందా?" అంది.

"మొత్తం గ్లాసు అయిపోతుంది అమ్మా," అన్నాను.

ఇక మిగిలింది రాజేశం. మధ్యాహ్నమంతా అతన్నే చూస్తూ కూర్చున్నాను. అతను ఇద్దరు టెంపోవాళ్ళకు ఫోన్లు చేశాడు, ఎవరైనా కోరుట్ల దాకా వస్తారేమోనని. ఇంత ఆరాటం పైపైన నటన అయి ఉండాలి, లోపల పంపడం ఇష్టంలేక తానే నీళ్ళు పోస్తున్నాడేమో. అలా అనుకుంటే పంపాలని మూటలెందుకు కట్టాడు? ఏ వైపు నుంచి చూసినా అతను తేలలేదు. అయినా ఆ సాయంత్రం తాళం నా చొక్కా జేబులో పెట్టుకున్నాను, అతని కంట పడేలా.

సోమవారం, నా తువ్వాల

పొద్దున రాజేశం సెలవు చెప్పి రావడానికి ఖార్ఖానాకు వెళ్ళాడు. నేను షేవింగ్ చేసుకుంటుంటే స్వరూప నా చొక్కా ఇస్త్రీ చేస్తానని తీసుకుంది. తర్వాత గ్లాసు పట్టుకుని నడకకు వెళ్ళింది. అది తిరిగొచ్చాక ఇస్త్రీ చొక్కా వేసుకుని నేను కిందికి వెళ్ళి ఇంజన్ తిప్పాను.

వణికింది.

ఎవరినీ పిలవలేదు. చూసి చూసి పని పట్టుబడింది కదా, నేనే కాయిల్ బోల్టు విప్పి పైకి లాగాను. దూది లేక, భుజం మీది తెల్ల తువ్వాల కొసను స్క్రూడ్రైవర్‌కు చుట్టి గుంతలోకి దించాను. తువ్వాల పసుపుపచ్చగా వచ్చింది. ఇంజన్లో పసుపు రంగు ద్రవం ఏముంటుందా అని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నూనె వాసన వెనక శొంఠి. దాని వెనక మిరియాలు, పిప్పళ్ళు. అమ్మ దంచిన పొడి. ఆ కొలత లోకంలో ఇంకెవరికీ తెలియదు.

తల ఎత్తి చూశాను. నాలుగో అంతస్తు బాల్కనీలో స్వరూప కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో తువ్వాల చూసింది. లోపలికి వెళ్ళలేదు.

మెట్లెక్కుతున్నంతసేపూ కోపమే. మూడు రోజులుగా నేను తప్పుబట్టినవాళ్ళందరి ముఖాలూ గుర్తొచ్చాయి, వాచ్‌మన్, భరత్‌భాయ్, తాళం దాచుకున్నప్పుడు రాజేశం చూసిన చూపు. అందరినీ అనుమానించాను, దీన్ని తప్ప. తలుపు తీసి, "ఏంది స్వరూపా ఇది?" అన్నాను.

అది ఏడవలేదు. మంచం అంచున కూర్చుని, "కూసో అన్నా," అంది.

"పోయినేడు చుట్టాల పెండ్లికని మన ఇంటికొస్తిని గద. పొద్దుపోయేసరికి అన్నీ బందైనయ్. నేను ఆడ చిక్కిన, ఈన ఈడ చిక్కిండు. ఖార్ఖానా బందు. నడుమ ఈనకు జరమొచ్చింది. నాకు చెప్పలే. ఫోన్ చేస్తే ఎత్తకపోవు, మెసేజులే పెట్టేది, మంచిగున్న అని. నెట్‌వర్క్ లేదేమో అనుకున్న. గొంతు పోయిందంట అన్నా. మాట రాక మెసేజులు పెట్టిండంట. మంజులాబెన్ తలుపు కాడ తిండి పెట్టి, గంట కొట్టి పోయేదంట. నేను వచ్చినంక ఆమె చెప్తె తెలిసింది."

నేను ఎదురుగా కూర్చుని తువ్వాల ఒళ్ళో పెట్టుకున్నాను.

"మళ్ళ అదే మొదలైతుంది. టీవీల చూస్తున్నవ్ గద. నేను పోయినంక ఇగ ఏ దారి మూస్తరో ఎవలకెరుక. నేను పోను."

"ఆ ముచ్చట చెప్పొచ్చు గద."

"చెప్తె అమ్మ ఏడుస్తది. ఈనేమో నా మంచికే అని తోలిస్తడు, మూటలు సుత కట్టిండు. నువ్వు గుంజుకపోతవ్. బండి ఖరాబైతే ఎవలనీ ఏమనేది ఉండదు. బుధవారం దాకా ఆగితె అయిపోతుండె."

కషాయమే ఎందుకు, నీళ్ళు పోయొచ్చు కదా అని అడిగాను. నీళ్ళ చెంబుతో బండి దగ్గరికి వెళ్తే నేను అడుగుతాననీ, కషాయం గ్లాసును ఎవరూ అడగరనీ చెప్పింది. ఎలాగూ తాగలేక పారబోసేదేనట. మా ఇంటి బుర్రే అది. అంత కోపంలోనూ నాకు గర్వమేసింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం.

బుధవారం దాకా

భరత్‌భాయ్ కొత్త రబ్బరు పట్టుకుని వచ్చాడు. ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, ఈ బండి నిండు మనిషిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కదని మా బావతో చెప్పమన్నాను. ఆయన నా తువ్వాల వైపు, బాల్కనీ వైపు చూశాడు. బాగు చేసిన బండిని చెడిందంటే తన పేరు పోతుందన్నాడు. కంపెనీ సామాను దొరకడంలేదని చెబితే పేరు కంపెనీదే పోతుందని నేనన్నాను. కాసేపు పాన్ మసాలా నమిలి, "అయితది," అన్నాడు.

రాజేశం వచ్చి విన్నాడు. మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పోతే దానికి మంచిగుంటుండె బావ," అన్నాడు. మొహం తుడుచుకుని, "ఉంటే సుత మంచిగనే ఉన్నది," అన్నాడు. వరసగా పెట్టిన మూటల్లోంచి మొదటి ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఇతన్నా నేను మూడు రోజులు దొంగలా చూసింది అనుకుని, వెళ్ళి రెండో మూట ముడి నేను విప్పాను.

అమ్మతో ఫోన్లో నేనే మాట్లాడాను. ఇంజన్ మిస్సవుతోంది, సామాను దొరకడంలేదు, బుధవారం గానీ బాగుకాదు. "పానం మంచిగున్నదా దానికి?" అని మాత్రం అడిగింది.

మంజులాబెన్ తానున్నానని ఛాతీ మీద చేయి వేసుకుని చెప్పింది. కాన్పుల ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది. నేను వెళ్ళి చూసొచ్చాను, మంచాల మధ్య దూరం, డాక్టరమ్మ సర్టిఫికెట్టు, చివరికి బాత్‌రూములో ఫినాయిల్ అసలుదేనా అన్నది కూడా.

తిరిగి కోరుట్ల

గురువారం పొద్దున బయల్దేరాను. స్వరూప అమ్మ స్టీలు డబ్బా కడిగి, ఖాళీగా పంపకూడదని అందులో సూరత్ నాన్‌ఖటాయ్ నింపి ఇచ్చింది. వెన్న వాసన వచ్చే గుండ్రటి బిస్కెట్లు. పక్క సీట్లో మనిషి ఉండాల్సిన చోట మళ్ళీ ఆ డబ్బానే పెట్టుకున్నాను. ఘాట్‌లో, ఎండలో, ఎక్కడా ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. నాకదే దిగులుగా అనిపించింది. ఇంత బాగా నడిచే బండిని తీసుకుని అమ్మ ముందుకు ఎలా వెళ్ళను?

శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరాను. అమ్మ వాకిట్లోనే ఉంది. ఇంజన్ ఆపకముందే బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ దగ్గర నిలబడి విన్నది. డబ్బా తీసుకుని మూత తెరిచింది.

"పొడంత ఏమైంది?"

"అయిపోయింది."

"అది తాగిందా?"

నేను చెప్పులు విప్పుకుంటున్నట్టు కిందికి వంగాను. అమ్మ నా బట్టల సంచీ తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి పిలిచింది. వెళ్ళేసరికి ఆవిడ చేతిలో నా తెల్ల తువ్వాల ఉంది, ఒక కొసన నల్ల నూనె, ఆ నూనె నడుమ పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. ఈ ముక్కు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నేను మొదట్లోనే చెప్పాను.

"రాజేశం పోయినేడు జరంతోని పండుకున్న సంగతి నిజమేనా?" అంది.

ఆవిడకు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. తల ఊపాను.

అమ్మ తువ్వాలను సబ్బు పెట్టి రుద్దింది. నూనె పోయింది, పసుపు పోలేదు. పిండి, దండెం మీద ఆరేసి, చేతులు తుడుచుకుంది.

"నేనేం నిండు మనిషిని గాదు. నన్ను ఏ నెలలనన్న కదలియ్యొచ్చు," అంది. "తొమ్మిది పడంగనే తీస్కపో. పురుడు నేనే ఆడ పోస్త."

సరేనన్నాను. లోపలికి వెళ్తూ గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"ఈసారి పొడి తేను తియ్యి. దానికీ పడది, నీ బండికీ పడది."